కొండ మీద గదా, కొండ కింద గదా?

మదనపల్లె వైపు నాలుగు రాత్రులు, తిరుపతి పక్కనున్న చంద్రగిరి వైపు రెండు. మనుషులం ముగ్గురం, రోడ్డు సైకిళ్లు మూడు. ఏయే దారుల్లో తొక్కాలో ఒక్క సాయంత్రంలో తేల్చేశాం. గది ఎక్కడ తీసుకోవాలన్నది తేలడానికి పది రోజులు పట్టింది. ఘాట్ రోడ్ల కోసం వచ్చినప్పుడు పొద్దున ఎన్నింటికి బయటపడతాం, ఎండ ముదిరేసరికి ఎక్కడుంటాం, ఆఖరి గంట ఎక్కుడా దిగుడా అన్నవన్నీ గదిని బట్టే నడుస్తాయి.

ముందు ఎత్తులు రాసుకున్నాను. తిరుపతి సముద్ర మట్టానికి దాదాపు 160 మీటర్లు, మదనపల్లె 700 దరిదాపులు, దాని దగ్గరి హార్సిలీ హిల్స్ పైన 1,260 పైచిలుకు. వంద మీటర్లు పైకి పోయేకొద్దీ అర డిగ్రీకి కాస్త ఎక్కువే తగ్గుతుంది. తిరుపతిలో 32 ఉన్న మధ్యాహ్నం మదనపల్లెలో 28, 29 ఉంటుంది, కొండ మీద 25. కారులో పోయేవాడికి ఈ తేడా పట్టదు. ఎక్కుడులో గంటకు తొమ్మిది కిలోమీటర్లతో పోయేవాడికి ఎదురుగాలి ఉండదు, చెమట ఆరదు, ఒంట్లో వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే ఎక్కువ రాత్రులు మదనపల్లెకు, తక్కువ రాత్రులు తిరుపతి వైపుకు. నెల ఫిబ్రవరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ వైపు వానలు, మార్చి దాటితే మాడిపోవడమే.

తిరుపతిలోనే ఉంటే తిరుమల ఘాట్ ఉంది కదా అన్నాడు మాలో ఒకడు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగేవాళ్లకు, 1974లో వచ్చిన రెండోది ఎక్కేవాళ్లకు. రెండూ వన్‌వేలు, అలిపిరిలో తనిఖీ, వెనకనుంచి వరసగా బస్సులు. పైకి దర్శనానికి పోవాలి గానీ అది సైకిల్ సరదా తీర్చుకునే రోడ్డు కాదు. దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

అసలు చర్చంతా హార్సిలీ హిల్స్ మీదే జరిగింది. పైన ఉండాలా, కింద ఉండాలా? ఎవరికైనా ముందు పైనే అనిపిస్తుంది. నీలగిరి చెట్లు, గాలిబండ, చల్లదనం, పర్యాటక సంస్థ వాళ్ల హరిత హోటలు. సైకిళ్లవాళ్లకు మాత్రం అక్కడే తిరకాసు. పైన ఉంటే రోజు దిగుడుతో మొదలవుతుంది. ఒళ్లు వేడెక్కకముందే, మంచుకు తడిసిన రోడ్డు మీద, వేళ్లు కొంకర్లు పోతుండగా మలుపులు తిరగాలి. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులున్న సైకిలైతే తడి రిమ్ము మీద మొదటి రెండు మూడు చుట్లు బ్రేకు పట్టదు, తేమ తుడుచుకుపోయాక ఒక్కసారిగా పట్టేస్తుంది. ఇక రోజు ముగిసేది ఎక్కుడుతో. కింద అరవై కిలోమీటర్లు తొక్కి, పదకొండు గంటల ఎండలో, సీసాలో అడుగంటిన నీళ్లతో కొండెక్కాలి. ఏ కారణంగానైనా ఆ ఎక్కుడు ఎక్కలేకపోతే మన బట్టలు, మందులు, మంచం అన్నీ పైనే.

కింద ఉంటే ఇదంతా తిరగబడుతుంది. మదనపల్లె నుంచి కొండ మీదికి సుమారు ముప్పై కిలోమీటర్లు. అందులో మొదటి భాగం కదిరి రోడ్డు మీద చిన్న చిన్న మెట్టలెక్కుతూ దిగుతూ పోతుంది, కాళ్లు వేడెక్కడానికి సరిగ్గా సరిపోతుంది. కొండ మలుపు తిరిగేసరికి తెల్లారుతుంది, పైకి చేరాక కాఫీ తాగొచ్చు. తిరుగుదారి చాలావరకు దిగుడు, అలసట వచ్చేసరికి మంచం దగ్గర పడుతుంది. కాబట్టి నాలుగు రాత్రుల్లో మూడు కింద, ఒకటి పైన అనుకున్నాం. పైనున్న రాత్రి మర్నాడు మాత్రం తొందరపడకూడదు. రోడ్డు మీద ఎండ పడి తడి ఆరాక, ఎనిమిదిన్నరకో తొమ్మిదికో దిగాలి.

ఎక్కుడు ఎంత నిటారో మ్యాప్ యాప్‌ను అడిగితే మలుపుల దగ్గర పదిహేను, పద్దెనిమిది శాతం అని భయపెడుతుంది. నమ్మాల్సిన పని లేదు. రోడ్డు కొండ అంచున పోతున్నప్పుడు ఆ లెక్క పక్కనున్న గోడ ఎత్తునో లోయ లోతునో పట్టుకుంటుంది. నేను మొదటి ఎత్తు, చివరి ఎత్తు మాత్రం తీసుకుని దూరంతో భాగిస్తాను. పది కిలోమీటర్లలో అయిదు వందల మీటర్లు లేస్తే సగటు అయిదు శాతం, అక్కడక్కడా ఎనిమిది తొమ్మిది. ఆ ఎక్కుడుకు పెడల్ దగ్గర 34 పళ్లు, వెనక చక్రం దగ్గర 32 పళ్లు ఉన్న గేరు కావాలి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ రెండుంపావు మీటర్లు పోతుంది, నిమిషానికి డెబ్బై చుట్లు తిప్పితే గంటకు తొమ్మిది కిలోమీటర్ల పైనే. మాలో ఒకడి పాత సైకిల్‌కు ముందు 39, వెనక 25. అదే వేగానికి నిమిషానికి నలభై ఎనిమిది చుట్లే పడతాయి, ప్రతి చుట్టూ మోకాలితో లాగాల్సిందే. బయల్దేరే ముందు వారమే క్యాసెట్, అంటే వెనక చక్రానికుండే పళ్ల బిళ్లల గుత్తి, మార్పించాం. పెద్ద క్యాసెట్‌కు పాత చైను చాలదు, చైనును గేరు నుంచి గేరుకు మార్చే వెనక డిరైల్యూర్ కూడా ఆ పళ్లను అందుకోగలిగేదై ఉండాలి. అవి చూడకుండా క్యాసెట్ ఒక్కటే కొంటే డబ్బు దండగ.

తర్వాత ఊళ్లో ఏ వైపు అన్న ప్రశ్న. మదనపల్లె బస్టాండు చుట్టూ లాడ్జీలకు కొదవ లేదు, తెల్లవారుజామునే టీ, ఇడ్లీ దొరుకుతాయి. కానీ టమోటా మార్కెట్ ఉన్న ఊరు, లారీలకు వేళాపాళా ఉండదు. అంగళ్లు అనే ఊరి వైపు, అంటే కదిరి రోడ్డులో ఊరు దాటాక ఉంటే గది బయటే మన దారి మొదలవుతుంది. కొండకైనా, రిషివ్యాలీ వైపు చెట్ల నీడలో ఒక తేలిక రోజు తిరగడానికైనా ఊరి ట్రాఫిక్‌లో దూరే పని లేదు. నష్టం ఒకటే, అక్కడ అయిదింటికి టిఫిన్ దొరకదు. ముందు రాత్రే అరటిపళ్లు, పల్లీ చిక్కీ తెచ్చిపెట్టుకున్నాం. ఒక్కో పండులో పాతిక గ్రాముల పిండిపదార్థం అనుకుంటే బయల్దేరే ముందు రెండు, ఆపైన గంటకు రెండు చొప్పున. అసలు టిఫిన్ కొండ దిగాకే. మధ్యాహ్నం రాగి సంగటి, ఊరిబిండి ఉన్న ఊళ్లో ఆకలికి లోటు రాదు.

ఇక ఫోన్లు. లాడ్జీవాళ్లను ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడగడం దండగ. నేను అడిగిన మొదటి ప్రశ్న, రాత్రి షట్టరుకు తాళం వేస్తారా, తెల్లవారి అయిదింటికి ఎవరు తీస్తారు అని. చిన్న ఊళ్ల లాడ్జీల్లో పదకొండుకల్లా షట్టరు దించి వాచ్‌మన్ దాని వెనకే చాప వేసుకుని పడుకుంటాడు. ముందు చెప్పకపోతే ఆ మనిషిని లేపేసరికి అరగంట గడిచిపోతుంది. చేరిన రోజే ఆయన్ను పలకరించి, చేతిలో వంద పెట్టి, టైము చెప్పి ఉంచాలి. రిసెప్షన్‌లో చెప్పిన మాట ఆయన దాకా పోతుందనే నమ్మకం పెట్టుకోవద్దు.

రెండో ప్రశ్న సైకిళ్లు గదిలో పెట్టుకోనిస్తారా అన్నది. ఒక సంభాషణ ఇట్లా సాగింది.

"సైకిలా? కింద పార్కింగులో పెట్టుకోండి సార్, ఎవురూ ఎత్తకపోరు."

"ఖరీదైనవన్నా. గోనెపట్టా మేమే తెచ్చుకుంటాం, గోడకు ఆనించం."

"గోడ సంగతి కాదు సార్. టైల్సుకు మడ్డి అంటుకుంటే మా ఓనరు నన్ను తిడతాడు."

"చైను తుడిచే లోపలికి తెస్తాం."

"అట్లయితే సరే. కింద రూమే ఇస్తాలే."

కింద రూము అన్న మాట బంగారం. రోడ్డు సైకిల్ పొడవు దాదాపు అయిదున్నర అడుగులు ఉంటుంది. ఇరుకు మెట్ల మీద మూడో అంతస్తుకు మోస్తే డిరైల్యూర్ రెయిలింగుకు తగిలి దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది, మర్నాడు ఎక్కుడులో పెద్ద పళ్ల మీదికి మార్చగానే చైను చువ్వల్లోకి పోతుంది. లిఫ్టుంటే వెనక చక్రం మీద నిలబెట్టి తీసుకుపోవచ్చు. ముందు చక్రం విప్పారంటే, హైడ్రాలిక్ డిస్కు బ్రేకులైతే పొరపాటున కూడా లివర్ నొక్కకూడదు. ప్యాడ్లు దగ్గరకొచ్చి బిగుసుకుంటాయి, డిస్కు దూరదు. మధ్యలో మడిచిన అట్టముక్క పెట్టుకుంటే చాలు.

మూడో ప్రశ్నకు చాలామంది నవ్వారు: పక్కన కల్యాణ మండపం ఉందా? మాఘమాసంలో ముహూర్తాలు వరసగా ఉంటాయి. మండపం పక్క గది తీసుకుంటే రాత్రి మైకులు, తెల్లవారి మేళం. నాలుగింటికి లేవాల్సినవాళ్లకు అది చావుదెబ్బ. పంచాంగం చూసి ముహూర్తం ఉన్న రెండు రాత్రులకు కొండ మీద గదిని, ఊరికి దూరంగా ఉన్న గదిని సర్దుకున్నాం. కొండ మీద గది శని, ఆదివారాల్లో పడకుండా కూడా చూసుకోవాలి. బెంగళూరు నుంచి కార్లు వరస కడతాయి, ఆ ఇరుకు మలుపుల్లో అవతలివాడు హారన్ కొడతాడో లేదో దేవుడికే తెలియాలి. సోమవారం నుంచి గురువారం లోపు పోతే రోడ్డు మనది. పైన కిటికీలు మూసుకోండి. కోతులు చిక్కీ పొట్లాన్నే కాదు, సీటు కింది సంచీని కూడా లాగి చూస్తాయి.

ఫొటోలు చూసి ఒకచోట దాదాపు మోసపోయాం. కొండకు దగ్గర అని రాసి ఉంది, మ్యాప్‌లో గుర్తు కూడా కొండ కిందే. ఫోన్ చేసి పక్కన ఏ పెట్రోలు బంకు ఉంది, ఏ స్కూలు ఉంది అని అడిగితే ఊరికి అవతలి వైపు తేలింది, కొండకు ఇరవై కిలోమీటర్ల పైన. అప్పటి నుంచి లొకేషన్ పంపమని అడగకుండా ఎవరూ అడ్వాన్సు కట్టొద్దని మాలో మేం అనుకున్నాం. ఒక రోజు అద్దెకు మించి ముందే కట్టలేదు కూడా.

నీళ్ల సంగతి చిన్నదే గానీ అడగాలి. గీజరు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, సైకిల్ కడగడానికి బయట కుళాయి ఉందా అని. రెండు బకెట్లు, పాత లుంగీ గుడ్డ చాలు. లాడ్జీ టవలుతో చైను తుడిస్తే గొడవే. మోటారు సైకిళ్లు కడిగే ప్రెషరు నీళ్లకు మాత్రం పోవద్దు, బేరింగుల్లోని గ్రీజంతా కొట్టుకుపోతుంది. పంచరు షాపు పక్కనే ఉందన్నది మనకు పనికిరాని సుఖం. సన్న రోడ్డు టైర్లకు సరిపడే, సన్న మూతి ఉన్న ప్రెస్టా వాల్వు ట్యూబులు అక్కడ దొరకవు. సర్కారు తుమ్మ ముళ్లున్న ప్రాంతం కాబట్టి మనిషికి రెండు ట్యూబులు, ఒక వాల్వు అడాప్టరు వెంట ఉండాలి. అడాప్టరుంటే ఆ షాపులో గాలైనా కొట్టించుకోవచ్చు. అట్లాగే దూది, కట్టు సామాను కూడా. పుత్తూరు కట్టు దగ్గరే కదా అన్న ధీమాతో దిగుడులో బ్రేకులు వదిలేయకండి.

చంద్రగిరి వైపు లెక్క వేరు. అక్కడ మా పని భాకరాపేట ఘాట్, తలకోన. తలకోనలోనే ఉందామంటే జలపాతం 270 అడుగుల నుంచి దూకుతుంటే చూస్తూ కూర్చోవచ్చు గానీ, అది అడవి. చెక్‌పోస్టు వేళలు, అంతంతమాత్రం ఫోను సిగ్నలు, శివరాత్రి దగ్గర పడితే సిద్ధేశ్వర స్వామి గుడికి వచ్చే జనం. పగలు పోయిరావడమే మేలనుకున్నాం. తిరుపతి బస్టాండు దగ్గర ఉంటే ఊరు దాటడానికే పొద్దు పోతుంది. చంద్రగిరి రోడ్డు వైపు, శ్రీనివాస మంగాపురానికి అందుబాటులో వెతికాం. అక్కడి నుంచి రంగంపేట మీదుగా పొద్దున్నే పడమరగా ఘాట్ ఎక్కితే ఎండ వీపు మీద ఉంటుంది. ఎదురుగా దిగే లారీవాడికి మాత్రం సూర్యుడు కళ్లలో కొడుతుంటాడు, మలుపుల్లో తెల్ల గీత దాటి లోపలికి రావద్దు. ముందు లైటు పగలైనా వెలుగుతూనే ఉండాలి.

తిరుపతి లాడ్జీల్లో ఒంటరి మనిషికి గది ఇవ్వం అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముగ్గురి ఆధార్ కార్డులు ముందే పంపి ఒప్పుకున్నాకే డబ్బు వేశాం. శనివారం, పండగ రోజులు తప్పించుకుంటే అద్దె కూడా దిగుతుంది. ఒక్క విషయంలో మాత్రం తిరుపతికే నా ఓటు. చాలా లాడ్జీల్లో చెక్ ఔట్ పన్నెండింటికి కాదు, దిగిన టైము నుంచి ఇరవై నాలుగు గంటలు. అందుకే ఆ రోజు పొద్దున్నే చేరిపోకుండా కావాలనే మధ్యాహ్నం మూడింటికి దిగాం. చివరి రోజు ఘాట్ ఎక్కి పదకొండున్నరకు తిరిగొచ్చి, స్నానం చేసి, ఫ్యాను కింద గంటసేపు నడుం వాల్చి, తీరిగ్గా చక్రాలు విప్పి కారులో సర్దుకున్నా ఇంకా అరగంట మిగిలింది.