భూమి పక్కగా వెళ్లే గ్రహశకలాలు: ఎనిమిదంగుళాల టెలిస్కోప్‌తో స్థానాలు కొలిచే పని, ఇప్పటివరకు

ఈ విడత పనంతా గడియారం మీదే. టెలిస్కోప్, కెమెరా, మౌంట్ (టెలిస్కోప్‌ను ఆకాశంతో పాటు తిప్పే పీఠం) పాతవే: 200 మి.మీ. అద్దం, 800 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న న్యూటోనియన్, ఫోకల్ లెంగ్త్‌ను మార్చని కోమా కరెక్టర్ (ఫ్రేము అంచుల్లో నక్షత్రాలు సాగకుండా చూసే కటకం), 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న మోనో సీమాస్ కెమెరా (3008 × 3008). 206.265ను 3.76తో గుణించి 800తో భాగిస్తే పిక్సెల్‌కు 0.97 ఆర్క్‌సెకన్ వస్తుంది (డిగ్రీలో 60వ వంతు ఆర్క్‌నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్‌సెకన్). ఒక ఫ్రేములో సుమారు 48 ఆర్క్‌నిమిషాల ఆకాశం పడుతుంది. మన దక్కన్ పీఠభూమిలో మామూలు రాత్రుల్లో నక్షత్రం వెడల్పు 3 ఆర్క్‌సెకన్ల చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఇంతకన్నా సన్నని పిక్సెల్ వల్ల ఒరిగేదేమీ లేదు.

కక్ష్య బాగా తెలిసి నంబరు పడ్డ, నెమ్మదిగా కదిలే గ్రహశకలాలపై మన కొలతకూ, కక్ష్య నుంచి లెక్కగట్టిన స్థానానికీ తేడా 0.3 ఆర్క్‌సెకన్ లోపే ఉంటోంది. రిఫరెన్స్ నక్షత్రాలు గైయా అంతరిక్ష నౌక కొలిచిన పట్టికవి, వాటి స్థానాల తప్పు మన స్థాయిలో లెక్కలోకే రాదు. (హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో ఒకప్పుడు ఎనిమిదంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో ఫొటో ప్లేట్లు తీసి, నక్షత్రాల స్థానాలు ఒక్కొక్కటీ చేత్తో కొలిచి సంపుటాలుగా అచ్చేశారు. వ్యాసం మనదీ అంతే, శ్రమ మాత్రం వాళ్లది.) చిక్కంతా వేగంగా కదిలేవాటితోనే: గడియారం కాస్త తప్పినా వాటి స్థానం తప్పుతుంది.

మౌంట్ గురించి క్లుప్తంగా

17 డిగ్రీల అక్షాంశంలో ధ్రువనక్షత్రం అంతే ఎత్తులో, చెట్ల వెనకో పొగమంచులోనో ఉంటుంది. కాబట్టి ధ్రువం కనబడకపోయినా ఆకాశంలో మరో చోట మూడు ఫొటోలతో మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు సరిచేసే పద్ధతే వాడుతున్నాం. టెలిస్కోప్‌ను, కెమెరాను నడిపే నీనా సాఫ్ట్‌వేర్‌లో దానికి ప్లగిన్ ఉంది. కొన్ని మౌంట్లు ఎత్తైన అక్షాంశాల కోసం చేసినవి. వాటిని 17 డిగ్రీలకు వంచితే కౌంటర్‌వెయిట్ కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ట్రైపాడ్‌కూ మౌంట్‌కూ మధ్య చిన్న పైప్ ఎక్స్‌టెన్షన్ పెడితే ఆ బాధ తప్పుతుంది. ఎండాకాలంలో డాబా స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, ఆ వేళ నక్షత్రాలు ఉబ్బుతాయి. నేలమీద పియర్ (స్తంభం) వేసుకోగలిగితే అదే మేలు.

ఎక్కడ నిలబడి చూస్తున్నాం

నాసాకు చెందిన జేపీఎల్ వారి సమీప రాకల పట్టికలో తేదీ, దూరం, కాంతి చూసి వస్తువును ఎంచుకుంటాం. దాని స్థానాన్ని మాత్రం వాళ్లదే అయిన స్థానాల లెక్కల సేవ హొరైజన్స్‌లో మన సొంత అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి తీసుకోవాలి. చంద్రుడి దూరంలో (3,84,400 కి.మీ.) ఉన్న వస్తువు భూకేంద్రం నుంచి చూసినప్పటికీ మన డాబా నుంచి చూసినప్పటికీ 57 ఆర్క్‌నిమిషాల దాకా జరుగుతుంది. భూకేంద్ర లెక్కతో టెలిస్కోప్ తిప్పితే అది మన ఫ్రేములోకే రాకపోవచ్చు.

ఇంకా దగ్గరికొస్తే సర్వే స్థాయి ఖచ్చితత్వం కావాలి. 30,000 కి.మీ. దూరంలో మన చోటులో 100 మీటర్ల తప్పు 0.7 ఆర్క్‌సెకన్ తప్పవుతుంది. డిగ్రీలో ఐదో దశాంశం అంటే దాదాపు ఒక మీటరు, అక్కడిదాకా రాసుకోండి. ఎత్తు విషయంలో దక్షిణ భారతంలో ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. ఇక్కడ సముద్రమట్టపు ఉపరితలం దీర్ఘవృత్తజం (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నునుపైన నమూనా) కంటే 70 మీటర్లకు పైగా కిందుంది. హొరైజన్స్ అడిగేది దీర్ఘవృత్తజం నుంచి ఎత్తు, మ్యాపులు చూపేది సముద్రమట్టం నుంచి. జీపీఎస్ రిసీవర్ పంపే జీజీఏ వాక్యంలో ఈ రెంటి మధ్య తేడా విడిగా, మైనస్ గుర్తుతో ఉంటుంది. గుర్తుతో సహా సముద్రమట్టపు ఎత్తుకు కలిపితే సరైన సంఖ్య వస్తుంది.

ఎక్స్‌పోజర్ ఎంత

నక్షత్రం వెడల్పును వస్తువు వేగంతో భాగించాలి. నిమిషానికి 48 ఆర్క్‌సెకన్లు, అంటే సెకనుకు 0.8 కదిలే వస్తువుకు 3 ÷ 0.8 = 3.75 సెకన్లు. అందుకని 3 సెకన్లే ఇస్తాం. దాటితే చుక్క గీత అవుతుంది. గీత మధ్యబిందువు పట్టడంలో తప్పు పెరుగుతుంది, కాంతి ఎక్కువ పిక్సెళ్లకు పలచబడుతుంది కూడా. అదే వేగంతో అది మన ఫ్రేమును దాటడానికి గంట పడుతుంది, కాబట్టి మధ్యలో టెలిస్కోప్ కదపనక్కర్లేదు.

3 సెకన్లలో మసక వస్తువు కనిపించదు. వస్తువు కదిలే వేగం, దిశ ప్రకారం ఫ్రేములను జరిపి ఒకదానిపై ఒకటి కలిపితే అది బయటపడుతుంది. 60 ఫ్రేములు కలిపితే దాదాపు 2.2 మాగ్నిట్యూడ్లు (కాంతి కొలమానం) లోతుకు, అంటే అంత మసక వస్తువుల దాకా వెళ్తాం. టైకో ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పని చక్కగా చేస్తుంది. కలిపిన గుట్ట మొత్తం నుంచి ఒకే స్థానం తీస్తే తప్పు జరిగినా తెలియదు. మూడు గుట్టలుగా విడగొట్టి మూడు స్థానాలు తీయండి. అవి వరసగా, ఒకే వేగంతో జరగకపోతే దొరికింది గ్రహశకలం కాదు.

తరచూ మోసం చేసేవి రెండు. ఒకటి హాట్ పిక్సెళ్లు (కాంతి పడకపోయినా వెలిగే పిక్సెళ్లు): ట్రాకింగ్ కొద్దిగా జారితే అవి నక్షత్రాల మధ్య నడిచే వస్తువులా కనిపిస్తాయి. డార్క్ ఫ్రేములను (మూత పెట్టి తీసిన ఫొటోలను) అసలు ఫ్రేముల నుంచి తీసేయడం, ప్రతి కొన్ని ఫ్రేములకూ టెలిస్కోప్‌ను అటూ ఇటూ కొద్దిగా జరపడం రెండూ చేయాలి. రెండోది భూస్థిర ఉపగ్రహాలు. మన అక్షాంశం నుంచి అవి మైనస్ 3 డిగ్రీల డిక్లినేషన్ దగ్గర (ఖగోళ మధ్యరేఖకు 3 డిగ్రీలు దక్షిణాన) బారులు తీరి ఉంటాయి, సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల గీతలు గీస్తాయి. ఆ పట్టీలో పని ఉంటే సగటు బదులు మీడియన్‌తో కలపండి.

గడియారం

అబ్జర్వేటరీ కోడ్ (పరిశీలించే చోటుకు ఇచ్చే గుర్తింపు) కోసం, గ్రహశకలాల కొలతలను సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు మొదట పంపే కొలతలు ప్రధాన పట్టీలోని గ్రహశకలాలవి. కోడ్ వచ్చేదాకా నివేదికలో దాని గడిలో మూడు ఎక్స్‌లు రాస్తాం. ఈ ప్రధాన పట్టీ గ్రహశకలాలు నిమిషానికి సుమారు 0.5 ఆర్క్‌సెకన్ కదులుతాయి. గడియారం 0.7 సెకను తప్పినా వాటి స్థానంలో 0.006 ఆర్క్‌సెకనే తేడా, ఎవరి కంటా పడదు. అదే గడియారంతో సెకనుకు 0.8 ఆర్క్‌సెకన్లు కదిలేదాన్ని కొలిస్తే 0.56 తప్పు. అంటే కోడ్ వచ్చినంత మాత్రాన గడియారం బాగున్నట్టు కాదు. పెద్ద అబ్జర్వేటరీలకూ ఇదే ప్రశ్న ఎదురైంది. 2021 నవంబరులో 2019 ఎక్స్‌ఎస్ అనే గ్రహశకలం భూమి పక్కగా వెళ్లినప్పుడు అంతర్జాతీయ గ్రహశకల హెచ్చరిక నెట్‌వర్క్ సమయంలోని తప్పులు కొలవడానికే ప్రత్యేకంగా పరిశీలనలు చేయించింది.

తప్పు గడియారందేనని పోల్చుకోవడం సులువే. తేడాను కదిలే దిశలో ఒకటి, దానికి అడ్డంగా ఒకటిగా విడగొట్టండి. అడ్డంగా చిన్నగా, దారి వెంట పెద్దగా, ఎప్పుడూ ఒకే వైపు ఉంటే దోషి గడియారం. ఆ తేడాను వేగంతో భాగిస్తే ఎన్ని సెకన్లో తేలుతుంది. కొత్తగా దొరికిన వస్తువుతో ఈ పరీక్ష చేయకండి, దాని కక్ష్యే ఇంకా వదులుగా ఉంటుంది.

విండోస్ సొంత సమయ సర్దుబాటు దీనికి పనికిరాదు. మైన్‌బర్గ్ ఎన్‌టీపీ (నెట్ ద్వారా గడియారం సరిచేసే ప్రోగ్రాం) పెట్టి ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే సిగ్నల్ బాగున్నచోట సెకనులో కొన్ని వందోవంతుల్లో ఉంటుంది. పొలాల మధ్య సిగ్నల్ ఊగితే సమయమూ ఊగుతుంది. యూఎస్‌బీ జీపీఎస్ వాక్యాలనే నమ్ముకుంటే అవి సెకనులో కొన్ని పదోవంతులు ఆలస్యంగా, అదీ నిలకడ లేకుండా వస్తాయి. పీపీఎస్ (సెకనుకొకసారి వచ్చే ఖచ్చితమైన పల్స్) తీగ బయటికిచ్చే జీపీఎస్ మాడ్యూల్, దానికి సీరియల్ పోర్టు ఉంటేనే మిల్లీసెకన్లు. పెద్ద అద్దం కోసం దాచుకునే డబ్బులో ముందు దీనికి కొంత తీయడం తెలివైన పని.

కంప్యూటర్ గడియారం సరైనా, ఫైలు హెడర్‌లో పడే సమయం సరైనదని హామీ లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు కెమెరాకు ఆజ్ఞ ఇచ్చిన క్షణాన్ని, కొన్ని ఫొటో దిగిన క్షణాన్ని రాస్తాయి. మనం పంపాల్సింది ఎక్స్‌పోజర్ మధ్య క్షణం. దీన్ని తేల్చడానికి జీపీఎస్ ఉపగ్రహాలనే ఫొటో తీస్తాం. వాటి కక్ష్యలు బాగా తెలిసినవి, సెకనుకు 30 నుంచి 40 ఆర్క్‌సెకన్లు కదులుతాయి, కాబట్టి 0.1 సెకను తప్పు కూడా 3 ఆర్క్‌సెకన్లకు తగ్గదు. ఒకసారి 0.2, మరోసారి 2 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి. తప్పు రెంటిలో ఒకటే అయితే అది స్థిరమైన ఆలస్యం, తీసేస్తే సరి. ఎక్స్‌పోజర్‌తో పాటు పెరిగితే సమయ ముద్ర ఎక్స్‌పోజర్ తప్పు కొసన పడుతోందని అర్థం. ఇప్పుడు మా మిగులు తప్పు 0.05 సెకను దగ్గర ఆగింది.

నివేదిక విషయం: పాత 80 అక్షరాల వరసలో రోజును ఐదు దశాంశాలకు రాస్తే ఒక మెట్టు 0.864 సెకను, సవరించి రాయడంలోనే 0.43 సెకను పోవచ్చు. ఆరో దశాంశం వాడండి, లేదా కొత్త నివేదిక పద్ధతి అయిన ఏడీఈఎస్ రూపంలో పంపండి. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీ మనకు అర్ధరాత్రి మారదు, తెల్లవారుజామున 5:30కు మారుతుంది. చేత్తో రాసే నోట్స్‌లో తేదీ తేడాపడేది ఇక్కడే.

ఇక మిగిలింది

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమి ఉపరితలానికి దాదాపు 32,000 కి.మీ. దూరంలో వెళ్తుంది. దాని గరిష్ఠ వేగం గంటకు 42 డిగ్రీలు, అంటే సెకనుకు 42 ఆర్క్‌సెకన్లు. మా 0.05 సెకను అక్కడ 2.1 ఆర్క్‌సెకన్ల తప్పు. ఎంత వేగం దగ్గర కొలిచినా లక్ష్యం 0.005 సెకనే పెట్టుకున్నాం. రోలింగ్ షటర్ కూడా అడ్డొస్తుంది: ఈ సెన్సర్ పై వరస నుంచి కింది వరసకు రావడానికే దాదాపు 0.05 సెకను తీసుకుంటుంది. ఫ్రేమును 500 వరసలకు కత్తిరిస్తే అది 0.008కి దిగుతుంది, వస్తువు ఏ వరసలో ఉందో చూసి మిగతాది లెక్కలో సవరించవచ్చు. వానలు వెనకపట్టేలోగా చేయాల్సింది పీపీఎస్‌తో వెలిగే ఎల్‌ఈడీని టెలిస్కోప్ ముందు పెట్టి, ఏ వరస ఏ క్షణాన తెరుచుకుంటోందో కొలవడం.