బయోస్‌లో కనిపించని కొత్త డిస్కు: నా అనుభవం

నెల రోజులుగా పని మధ్యలో బిగుసుకుపోతున్న నా ల్యాప్‌టాప్ ఒక ఉదయం బూట్ డివైస్ దొరకలేదని చెప్పి ఆగిపోయింది. హార్డ్ డిస్కు పోయిందని తేల్చేసుకుని, దాని చోట సాటా కనెక్టర్‌కు తగిలే 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) కొని బిగించాను. విండోస్ ఎక్కిద్దామని కూర్చుంటే, డిస్కును ఎంచుకోవలసిన చోట జాబితా ఖాళీగా ఉంది.

అక్కడే ఒక రోజంతా పోగొట్టుకున్నాను. స్టోరేజ్ డ్రైవర్లు మార్చి మార్చి ఎక్కించాను, పెన్‌డ్రైవ్‌ను మళ్లీ తయారు చేశాను. నిజానికి ముందుగా చూడవలసింది బయోస్‌ను, అంటే విండోస్ కన్నా ముందే మొదలై డిస్కులను గుర్తించే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామును. ఫార్మాట్ చేయని డిస్కు పేరు కూడా అక్కడ కనిపించాలి. నా బయోస్‌లో డిస్కు తగిలే సాటా పోర్టు ఖాళీ అని ఉంది. అంటే విండోస్‌తో ఎంత కుస్తీ పట్టినా ప్రయోజనం లేదు.

కొత్త డిస్కే చెడ్డదేమోనని, యూఎస్‌బీ అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించాను. డ్రైవ్‌ల వరుసలో రాలేదు. గుండె జారింది. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే మాత్రం ఇనీషియలైజ్ చేయమని, అంటే డిస్కును వాడకానికి సిద్ధం చేయమని అడిగింది. లోపల బిగించే కొత్త డిస్కులు సాధారణంగా అంతే, ఆ పని చేసి ఫార్మాట్ చేసేదాకా డ్రైవ్ అక్షరం రాదు. డిస్కు నిక్షేపంగా ఉంది.

అదే అడాప్టర్‌కు, ఎందుకో, పాత డిస్కునూ తగిలించాను. ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి! డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో 5వ అంశం, అంటే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క, సున్నా. 199వ అంశమైన సీఆర్‌సీ లోపాల లెక్క మాత్రం వేలల్లో ఉంది. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా చెదిరిపోతోందని దాని అర్థం. చాలాసార్లు ఆ దోషం కేబుల్‌దే.

నా ల్యాప్‌టాప్‌లో ఆ దారి ఒక సన్నని రిబ్బన్ కేబుల్. బ్యాటరీ కనెక్షన్ తీసేసి, కేబుల్‌ను బయటికి తీసి దీపం కింద పట్టుకుంటే, మడత దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది. ఒకే మోడల్‌లోనూ కేబుళ్లు వేరువేరుగా ఉండవచ్చు కనుక, దాని మీద ముద్రించిన పార్ట్ నంబరు చూసే కొత్తది తెప్పించాను. పాత డిస్కు మందం 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డీది 7. అది కదిలి కనెక్టర్ వదులు కాకుండా మధ్యలో ప్లాస్టిక్ చట్రం పెట్టాను.

ఈసారి బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ పేరు వచ్చింది. ఆ ఒక్క వరుసను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

నేను చనిపోయిందనుకున్న పాత డిస్కులో ఇప్పుడు బ్యాకప్‌లు దాచుకుంటున్నాను. మూడు నెలలైంది, దాని 199వ లెక్క ఒక్కటి కూడా పెరగలేదు.