టేబుల్ కింద దాచిన కంప్యూటర్: డబ్బా సులువే, ఎర్త్ దగ్గరే అసలు పంచాయితీ

నల్లగొండలో ఉండి టేబుల్ కింద కనపడకుండా వేలాడే కంప్యూటర్ డబ్బా చేయించుకోవచ్చా అంటే, బేఫికర్‌గా చేయించుకోవచ్చు. రేకు దొరుకుతుంది, మడతపెట్టే మిషన్ ఉంది, వడ్లాయన ఉన్నాడు. దొరకనిదల్లా సరైన ఎర్త్ ఒక్కటే. పని మొన్ననే ముగిసింది, కోపం ఇంకా చల్లారలేదు. అది చల్లారకముందే రాస్తున్నా.

ముందు సామాను. మదర్‌బోర్డు మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు, అంటే 170 × 170 మి.మీ. పవర్ సప్లై కూడా ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజే, 125 × 100 × 63.5 మి.మీ. ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ. గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు, దాన్ని బోర్డుకు కలిపే రైజర్ కేబులు, వాటి తలనొప్పి ఏదీ లేదు. దానితోపాటు డబ్బాలో వచ్చే కూలర్ ఎత్తు 54 మి.మీ. మాత్రమే, వేరే కూలర్ కొనే పని లేదు. బోర్డు, పవర్ సప్లై సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతాయి. స్టాండాఫ్‌లు (బోర్డు రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్లు), స్విచ్, వైర్లు కోఠి గుజరాతీ గల్లీలో. మిగతాదంతా మన ఊళ్లోనే.

డబ్బా లోపలి కొలత 390 × 260 × 90 మి.మీ. అంటే తొమ్మిది లీటర్ల చిల్లర. దీన్ని బోర్లించిన ట్రేలాగా అనుకోండి. పైన, పక్కల రేకు, కింద మాత్రం జాలి. బోర్డు పై రేకుకు తలకిందులుగా వేలాడుతుంది, కూలర్ ఫ్యాన్ కిందికి చూస్తూ జాలిలోంచి చల్లగాలి లాగుతుంది. లెక్క చూడండి: స్టాండాఫ్ 6.5, బోర్డు మందం 1.6, సాకెట్‌తో ప్రాసెసర్ సుమారు 7, కూలర్ 54. మొత్తం 69. జాలికి ఇంకా 21 మి.మీ. మిగులుతుంది, అది చాలు. వెనక గోడకు ఎడమవైపు బోర్డు పోర్టులు, కుడివైపు రెండు 80 మి.మీ. ఫ్యాన్లు, చివర పవర్ కేబులు గుచ్చే ఇన్‌లెట్. పవర్ సప్లై ముందువైపు కుడి మూలలో, దాని వేడిగాలి వచ్చే గ్రిల్ ఆ ఫ్యాన్లకు ఎదురుగా. పవర్ సప్లై వదిలే వేడిని ఫ్యాన్లు అక్కడికక్కడే బయటికి నెట్టేస్తాయి.

రేకు 18 గేజ్, 1.2 మి.మీ. మందం. బీరువాలు చేసే షాపులో మడతపెట్టించండి, వెల్డింగ్ షాపుకు పోవద్దు. వెల్డింగ్ వేడికి సన్న రేకు వంకర తిరుగుతుంది. బీరువాల వాళ్లకు బెండింగ్ మిషన్ ఉంటుంది, చెయ్యి అలవాటు ఉంటుంది. కానీ వాళ్లు బయటి కొలతలు కూడి అంతే రేకు కోసేస్తారు. పై ముఖం, రెండు పక్కలు కలిపితే 575 మి.మీ. వస్తుంది. ఒక్కో మడతకు రెండేసి తగ్గించి 571 కోయమనాలి. లేకపోతే డబ్బా నాలుగు మి.మీ. పెద్దదై, వేలాడదీసే ఛానల్‌లో ఇరుక్కుంటుంది. బోర్డు రంధ్రాలకు కొలతలు రాసివ్వొద్దు, ఆ నాలుగు రంధ్రాలు సమంగా చతురస్రం మూలల్లో ఉండవు. బోర్డునే అట్టమీద పెట్టి పెన్సిల్‌తో గుర్తు తీసి, ఆ అట్టను రేకుకు అంటించి పంచ్ కొట్టాలి. 1.2 రేకులో మర తీస్తే రెండు చుట్లకు మించి పడవు, పట్టు నిలవదు. 3.2 మి.మీ. రంధ్రం వేసి ఎం3 (3 మి.మీ. మర) స్టాండాఫ్‌కు అవతలి నుంచి నట్టు బిగించండి. నా డబ్బా మూలలు గీటు తప్పకుండా వచ్చాయి. రంగు వేసినాయన చేత్తో తడిమి చూసి, హైదరాబాద్ నుంచి తెప్పించినవా అని అడిగాడు.

వేలాడదీయడానికి సొరుగులకు వేసే 10 అంగుళాల బాల్‌బేరింగ్ ఛానల్ జత. ఒక్కో ఛానల్ మందం 12.7 మి.మీ., కాబట్టి రెండు పక్క చెక్కల మధ్య 418 మి.మీ. ఖాళీ ఉండాలి. 18 మి.మీ. ప్లైవుడ్ టేబులైతే కిందినుంచి స్క్రూ వేయొచ్చు. రెడీమేడ్‌గా వచ్చే పొట్టు చెక్క టేబులైతే స్క్రూ పట్టదు, పైనుంచి బోల్టే దించాలి. ఆన్ చేసే బటన్‌కు టేబుల్ అంచున 16 మి.మీ. రంధ్రం. బటన్ నొక్కి వదిలితే వెనక్కి వచ్చే రకమే తీసుకోండి. లోపలే నిలిచిపోయే రకం పెడితే నాలుగు సెకండ్లకు కంప్యూటర్ దానంతటదే ఆరిపోతుంది.

ఇంతవరకు అంతా సాఫీ. అసలు కథ ఇక్కడినుంచి.

అంతా బిగించి ఆన్ చేశాక టేబుల్ ముందు కూర్చుంటే మోకాలు డబ్బాకు తగులుతుంది. తగిలినప్పుడల్లా జుమ్మంటుంది. చెప్పులు వేసుకుంటే ఉండదు, ఒట్టి కాళ్లతో బండలమీద ఉంటే ఉంటుంది. టెస్టర్ పెడితే లైటు వెలుగుతుంది. గడియారం సెంటర్ దగ్గరి ఒక రిపేరు షాపులో చూపిస్తే, డబ్బా ముఖం కూడా సరిగ్గా చూడకుండా, "ఇంట్ల చేస్కున్న డబ్బ గదా, బోర్డు షార్టయింది, మార్చాలె" అన్నారు. పక్కన నిలబడ్డ గిరాకీల ముందు, తెలిసీ తెలియని పనులెందుకని నీతులు కూడా చెప్పారు. బోర్డుకు ఏ రోగమూ లేదు. కారణం తెలుసుకోని మనిషి ఖరీదైన వస్తువు మార్చమని చెప్పడమంత తప్పుడు పని ఇంకోటి లేదు.

కారణం ఇది. ప్రతి కంప్యూటర్ పవర్ సప్లైలో ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొద్ది లీకేజీ ఎవరికీ తెలియకుండా నేలలోకి పోతుంది. ఎర్త్ తెగితే రెండు కెపాసిటర్ల మధ్య బాడీ వేలాడి, 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు చూపిస్తుంది. కరెంటు ఒక మిల్లీఆంపియర్ అటూఇటూ, మనిషిని చంపదు, జుమ్మనిపిస్తుంది. మామూలు కంప్యూటర్ నేలమీద మూలకు ఉంటుంది, ఎవరూ తాకరు, అందుకే ఏండ్ల తరబడి బయటపడదు. మోకాలికి తగిలే చోట ఇనుము వేలాడదీస్తే మొదటిరోజే బయటపడుతుంది. టీవీకి హెచ్‌డీఎంఐ కేబులు గుచ్చేటప్పుడు చిటుక్కున నిప్పురవ్వ వచ్చి పోర్టు కాలిపోవడం కూడా చాలాసార్లు దీనివల్లే.

ఎక్కడ తెగిందో వెతకడం డబ్బా నుంచి మొదలుపెట్టాలి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (కరెంటుకు అడ్డు ఎంతో కొలిచే చోట) పెట్టి ఒక కొన ఇన్‌లెట్ మధ్య పిన్నుకు, ఇంకో కొన బాడీలో రంగు లేని చోట ఆనించాలి. రెండు కొనలు ఒకదానికొకటి తాకిస్తే ఎంత చూపిస్తుందో ఇక్కడా దాదాపు అంతే రావాలి. పౌడర్ కోటింగ్ కరెంటును ఆపేస్తుంది. అందుకే ఇన్‌లెట్ పక్కన ఎం4 బోల్టు వేసి, దాని చుట్టూ రంగు గీకి, పళ్లున్న వాషర్ పెట్టి, ఆకుపచ్చ-పసుపు వైరును లగ్గుతో (వైరు చివర వేసే రింగుతో) బిగించాలి. పవర్ సప్లై స్క్రూలే ఎర్త్ ఇస్తాయిలే అని వదిలేయొద్దు.

తర్వాత ఎక్స్‌టెన్షన్ బాక్సు. విప్పి చూడండి. చవకవాటిలో మూడు బెజ్జాల సాకెట్లు పెట్టి లోపల రెండు వైర్లే లాగుతారు. నాది అదే బాపతు. దాన్ని పక్కన పారేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టినా జుమ్మనడం పోలేదు.

ఇక గోడ. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్, పైన పెద్ద బెజ్జం ఎర్త్. ఫేజు-న్యూట్రల్ 230 ఉండాలి, ఫేజు-ఎర్త్ కూడా ఇంచుమించు అంతే, న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఇక్కడ ఫేజు-ఎర్త్ ఒకసారి 90, ఒకసారి 140. అంకె అట్లా తిరుగుతుందంటే ఆ వైరు ఎక్కడికీ పోవడం లేదని అర్థం. ఓనర్‌కు చెప్తే, "ఇన్నేండ్ల సంది కిరాయికున్నోళ్లెవ్వరికీ షాక్ కొట్టలే, నీకే కొడ్తుందా?" అన్నాడు. చివరికి ఆయనే ఒక ఎలక్ట్రీషియన్‌ను పంపాడు.

అతను లోపలికి పోయి ఐదు నిమిషాల్లో బయటికొచ్చి, "సారూ, ఇగ జూడు, ఎర్త్ ఫుల్లు వస్తుంది, మీటర్ వెట్టుకో" అన్నాడు. మీటర్ పెడితే ఫేజు-ఎర్త్ 231. న్యూట్రల్-ఎర్త్ సున్నా. జుమ్మనడం ఆగిపోయింది. ఇక్కడే జాగ్రత్త పడాలి. పక్కగదిలో ఇస్త్రీపెట్టె వేస్తే న్యూట్రల్‌లో కొంత వోల్టేజీ పడి, న్యూట్రల్-ఎర్త్ మధ్య అరో ఒకటో వోల్టు కనిపించి తీరాలి. ఇక్కడ అప్పుడూ సున్నానే. మెయిన్‌లో ఫేజు, న్యూట్రల్ రెండూ ఆఫ్ చేసి, సాకెట్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మల్టీమీటర్ బజర్ పెడితే కూసింది. కవర్ విప్పితే వేలెడంత నల్ల వైరు ముక్క, న్యూట్రల్ స్క్రూ నుంచి వంగి పైనున్న ఎర్త్ స్క్రూలోకి దూరి ఉంది. చివర్లు పళ్లతో వలిచినట్టున్నాయి, రెండు రాగిపోగులు బయటికి పొడుచుకొచ్చాయి.

ఇది మోసం అనడం చాలదు, ప్రాణాలతో ఆట. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ తెగితే, ఇంట్లో ఆన్‌లో ఉన్న ప్రతి వస్తువులోంచి ఫేజు న్యూట్రల్‌లోకి వచ్చి, అక్కడినుంచి ఈ ముక్క మీదుగా నేరుగా డబ్బా బాడీకి చేరుతుంది. అప్పుడు వచ్చేది జుమ్మనే 115 కాదు, నిండా 230. గాలివానకు వైర్లు తెగి లైన్‌మన్ మళ్లీ కట్టేటప్పుడు ఫేజు, న్యూట్రల్ తారుమారైనా అంతే. ఎవరైనా ఎర్త్ బాగు చేశామంటే సాకెట్ కవర్ మీ కళ్లముందు విప్పించి చూడందే పైసలివ్వొద్దు.

ఎర్త్ గుంత సంగతి. ఎర్తింగ్‌కు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎర్త్ అంటే రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు దిగాలి. నల్లగొండ నేల గ్రానైటు, చాలా కాలనీల్లో నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది. మేస్త్రి అక్కడికే పైపు కోసి, పైన సిమెంటు పోసి మూత పెట్టేస్తాడు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ మట్టి ఎండి పొడి అవుతుంది. మరికొందరు నల్లా పైపుకు చుడతారు, ఇప్పుడు పైపులన్నీ ప్లాస్టిక్కే. రాయి తగిలినచోట లోతుకు బదులు పొడవు పోవాలి: ఉన్నంత లోతులో కాలువ తవ్వి జీఐ పట్టీని అడ్డంగా పరిచి, చుట్టూ బెంటొనైట్ పొడి (తడిని పట్టి ఉంచే బంకమట్టి) కలిపి, సంపు దగ్గరో బట్టలుతికే బండ దగ్గరో, ఎప్పుడూ తడి ఉండే చోట వేయించాలి. ఉప్పు, బొగ్గు వేస్తే మొదట బాగానే ఉంటుంది, తర్వాత ఉప్పు కరిగిపోతుంది, పట్టీని కూడా తింటుంది.

కొత్త ఎర్త్ ఎంత గట్టిదో 100 వాట్ల తంతి బల్బు చెప్తుంది. ఇంట్లో అన్ని ప్లగ్గులు పీకి, ఎవరూ ఏ ఇనుమూ ముట్టుకోకుండా చూసి, అనుభవమున్న మనిషితో బల్బును ఫేజు-ఎర్త్ మధ్య పెట్టించండి. 230 కాస్తా 190కి పడిందంటే, ఆ పడిన 40 వోల్టులను బల్బు లాగే సుమారు 0.4 ఆంపియర్‌తో భాగిస్తే ఎర్త్ 100 ఓమ్స్. మాకు వచ్చింది ఆ మాదిరే. లీకేజీ పోవడానికి అది ధారాళంగా సరిపోతుంది, బాడీ మీద సుమారు పదోవంతు వోల్టే నిలుస్తుంది. కానీ ఫేజు నిజంగా బాడీకి తగిలితే పారేది 2.3 ఆంపియర్లే, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్) కదలదు. అందుకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి లీకైతే పడిపోయే స్విచ్) తప్పనిసరి. నేల రాయైన మన దగ్గర దాన్ని మించిన రక్షణ లేదు. పైగా న్యూట్రల్-ఎర్త్ కలిపిన చోట పెద్ద లోడు వేస్తే అది చాలాసార్లు పడిపోతుంది, దొంగపని దాగడం కష్టం. పడుతోంది కాబట్టి తీసేద్దామనే ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ గడప తొక్కనివ్వొద్దు.

వేడి గురించి రెండు ముక్కలు. గది 38 డిగ్రీలున్న మధ్యాహ్నం ప్రాసెసర్ పూర్తి లోడులో 90 దాకా పోయింది. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) తక్కువ కరెంటు వాడే ఈకో మోడ్ పెట్టి 45 వాట్లకు దించితే 80 దాటలేదు. వెనక ఫ్యాన్లకు గోడకు మధ్య కనీసం నాలుగంగుళాలు వదలండి. కింది జాలికి దోమల మెష్ అయస్కాంతం పట్టీతో అంటించాను. మిర్యాలగూడ వైపు రైసుమిల్లుల దగ్గర ఉండేవాళ్లు వారానికోసారైనా దులపాలి, లేకుంటే ఊకదూళి గాలిని ఆపేస్తుంది. లోపల శుభ్రం చేయాలంటే ముందు ప్లగ్ పీకి, డబ్బాను ముందుకు లాగి, ఛానల్ నల్ల లివర్లు ఒకవైపు పైకి, ఇంకోవైపు కిందికి నొక్కితే చేతికొస్తుంది. తిరిగి పెట్టాక మీటర్‌తో ఇన్‌లెట్ పిన్ను నుంచి బాడీకి ఓమ్స్ ఇంకోసారి చూసి అప్పుడు ఆన్ చేయండి.