ఫ్రీ సీటు కోసం పోయి నలి-కలి చూసొచ్చా

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది కదిరి దగ్గర పల్లె, వాళ్ళావిడ మా ఇంట్లో పని చేస్తుంది. మొన్న గిన్నెలు తోముతూ "అక్కా, ఆర్టీఈ అంటనే, ప్రైవేట్ బళ్ళో ఫీజు లేకుండా సీటిస్తారంట, మా పిల్లోనికి నువ్వే ఆన్‌లైన్‌లో పెట్టు" అంది. ఆధార్, ఇన్‌కమ్ సర్టిఫికెట్ పాల కవర్లో చుట్టి రెడీగా తెచ్చుకుంది కూడా.

నాకూ తెలిసింది అంతే, ఆర్టీఈ అంటే 2009 విద్యా హక్కు చట్టం, ప్రైవేట్ స్కూళ్ళలో 25 శాతం సీట్లు, ఫీజు సర్కారు కడుతుంది (మొత్తం కాదులెండి, సర్కారు బళ్ళో ఒక్కో పిల్లాడి మీద అయ్యే ఖర్చు, ఆ స్కూలు ఫీజు, రెండిట్లో ఏది తక్కువైతే అది). తీరా చూస్తే మాకు దగ్గర్లో ఒక్క ప్రైవేట్ స్కూలూ రాలేదు. కర్ణాటకలో 2019 అడ్మిషన్ల నుంచి రూల్ మార్చేశారట, పక్కన గవర్నమెంట్ బడో ఎయిడెడ్ బడో ఉంటే ప్రైవేట్ వాళ్ళు ఆ సీట్లు ఇవ్వక్కర్లేదు. బెంగళూరులో ఏదో ఒక సర్కారు బడి లేని ఏరియా ఎక్కడుంటుంది చెప్పండి! ఇక్కడి హైకోర్టు సరే అంది. ఇలాంటిదే 2024లో మహారాష్ట్ర తెస్తే బాంబే హైకోర్టు కొట్టేసింది. చట్టం ఒకటే మరి.

సర్కారు లెక్క నాకు తప్పనిపించదు, జడ్పీ స్కూల్లో చదివినదాన్ని, మన బడి ఖాళీ చేసి పిల్లల్ని ప్రైవేట్ వాడికప్పగించి ఎదురు డబ్బు కట్టడమేంటి అని నేనూ అన్నదాన్నే. కానీ ఆ మిగిలిన డబ్బు సర్కారు బళ్ళో కనపడాలి కదా.

సరే పదమని పిల్లాణ్ణి తీసుకుని ఇద్దరం దగ్గర్లోని సర్కారు బడికి వెళ్ళాం. ఒకటి నుంచి మూడు దాకా ఒకే గది, నలి-కలి అంటారు, పిల్లలు కింద గుంపులుగా కూర్చుని కార్డులు పట్టుకుని ఎవరి పాఠం వాళ్ళు చేసుకుంటుంటారు. పద్ధతి బాగుంది, అబద్ధమెందుకు, పిల్లాడు అప్పుడే పోయి ఒక గుంపులో దూరాడు. కానీ మూడు క్లాసులకీ ఉన్నది ఒక్క టీచరమ్మ, ఆవిడేమో ఎవరెవరు పాలు తాగారో రిజిస్టర్లో ఎక్కించుకుంటోంది.

"ఇంగ్లీష్ యాడుందక్కా?" అంది నా చెవిలో.

నిన్న జీతంలో అడ్వాన్స్ అడిగింది, పక్క సందులో కాన్వెంట్‌కి మొదటి టర్మ్ కట్టాలంట. ఇచ్చాను. నెలకి వెయ్యి పట్టుకోమంది.