కొండ మీద పార్కులో టీవీ షూటింగ్

కొండ మీది థీమ్ పార్కులో లోకల్ టీవీ వాళ్ల షూటింగ్ దగ్గరుండి చూశాను. యాంకర్ నవ్వుతూ చెప్పే రెండు ముక్కల వెనక ఇంత తంటా ఉంటుందనుకోలేదు.

అసలు శత్రువు గాలి. కాలర్ మైకుకి బొచ్చు తొడుగు వేసినా హెడ్‌ఫోన్స్‌లో బుస్సుమంటూనే ఉందట. కాస్త తగ్గిందనుకునేసరికి వెనక రోలర్ కోస్టర్ దిగుతుంది, జనం కేకలు! మళ్లీ టేక్. చివరికి సౌండ్ చూసే అబ్బాయి కోస్టర్ ఎప్పుడెప్పుడు బయల్దేరుతోందో గమనించి, రెండు రైడ్ల మధ్య ఖాళీలో మాట్లాడించాడు. నా లెక్కలో ఆ రోజు హీరో అతనే.

మబ్బు కమ్మితే కెమెరాలో యాంకర్ ముఖం నల్లబడుతుంది, తొలగితే తెల్లగా వెలిసిపోతుంది. కెమెరామన్ చెయ్యి ఎక్స్‌పోజర్ మీదే, అంటే కెమెరాలోకి వెలుతురు ఎంత రావాలో సరిచేసే చోటే.

రైడ్‌లో కెమెరా చేత్తో పట్టుకోనివ్వలేదు. చిన్న యాక్షన్ కెమెరాని సీటుకి బిగించి, ఊడినా కింద పడకుండా తాడు కట్టాకే రైడ్ ఆపరేటర్ ఒప్పుకున్నాడు. ఆ వేగంలో జారితే కిందున్నవాళ్ల తల పగులుతుంది మరి.

లైవ్ అయితే ఇంకో టెన్షన్. వాళ్ల బ్యాగులోని పెట్టె కొన్ని సిమ్‌లను కలిపి వీడియో పంపుతుంది. చుట్టూ అందరూ స్టోరీలు పెడుతుంటే సిగ్నల్ ఎక్కడ మిగులుతుంది! యాంకర్ మాత్రం "ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి" అంటోంది, జుట్టంతా ముఖం మీదకొచ్చేస్తుంటే.