ఎనిమిదో బెడ్ పెద్దాయన దగ్గు

పొద్దున డ్యూటీలోకి రాగానే రాత్రి సిస్టర్ చెప్పింది, "ఎనిమిదో బెడ్ పెద్దాయన ఎంత చెప్పినా దగ్గట్లేదు" అని. గుండెకి బైపాస్ ఆపరేషన్ అయి మూడో రోజు. ఐసీయూ నుంచి నిన్ననే మా వార్డుకి పంపారు.

ఆపరేషన్‌లో ఛాతీ ఎముకను నిలువునా కోసి, చివర్లో స్టీలు తీగలతో కట్టేస్తారు. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, ఆయన పెదాలు బిగించుకుని కూర్చున్నారు. "దగ్గితే పగిలిపోద్ది సిస్టరమ్మా" అన్నారు. దిండు ఆనించుకుని దగ్గితే ఏమీ కాదు. దగ్గకపోతేనే భయం, కళ్లె ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి నిమోనియా దాకా పోవచ్చు.

నొప్పి మాత్ర వేసి అరగంట ఆగాను. నొప్పితో ఉన్న మనిషిని దగ్గు దగ్గు అని గదమాయిస్తే ఏం లాభం? తర్వాత దిండు గుండెకి హత్తుకోమని, పైన నా చెయ్యి కూడా వేసి, "ఇప్పుడు దగ్గండి బాబాయ్" అన్నాను. మొదట గొంతులోనే ఆగిపోయింది. కాసేపటికి చిక్కటి కళ్లె తెగి పడింది. ఆయన భార్య గిన్నె పట్టుకుని నిలబడే కళ్ళు తుడుచుకున్నారు.

ఇక మూడు బంతుల స్పైరోమీటర్, అంటే ఊపిరితిత్తులకి కసరత్తు చేయించే చిన్న పరికరం. అందరూ దాన్ని ఊదుతారు. కొబ్బరిబోండం స్ట్రాతో తాగినట్టు లోపలికి పీల్చమన్నాక రెండో బంతి దాకా లేచింది. కిటికీ దాకా నడిపించాను. బైపాస్ కోసం రక్తనాళం తీసిన కాలు లాగుతోందన్నారు గానీ ఆగలేదు. ఆపరేషన్ ఎన్ని గంటలు పట్టిందని చుట్టాలంతా అడుగుతారు, పేషెంటు ఎన్నిసార్లు దగ్గాడని అడగరు. నాకు మాత్రం రోజంతా అదే టెన్షన్.

మధ్యాహ్నం గుండెలో మెటల్ వాల్వు వేసిన అమ్మాయి డిశ్చార్జి. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత కీళ్ళవాపుల జ్వరం వచ్చిందట, అదే గుండె వాల్వుని పాడుచేసింది. అప్పుడే గుర్తించి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ పడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. ఇలాంటి పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర రోజూ ఒకే టైముకి, జీవితాంతం వేసుకోవాలని, పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుకి చెప్పాలని ఒకటికి రెండుసార్లు చెప్పాను. వాళ్ళమ్మ అడిగింది, "గోంగూర మాన్పించాలా అమ్మా?" అని. ఆకుకూరలు మానక్కర్లేదు, కానీ ఒకరోజు గిన్నెడు తిని వారమంతా మానేస్తే మందు పని అటూ ఇటూ అవుతుంది. రోజూ కొంచెం, ఒకే లెక్కలో పెట్టమన్నాను. రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకి రావాల్సిన తేదీని ఆ అమ్మాయి చేతే పుస్తకంలో రాయించి పంపాను.