చదివే హక్కు ఒక్కటే చాలు: రూట్ లేకుండా రెస్టిక్ బ్యాకప్

సర్వర్ మొత్తం బ్యాకప్ తీయాలంటే చాలామంది రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) క్రాన్‌ట్యాబ్‌లో, అంటే టైము ప్రకారం పనులు నడిపే జాబితాలో, ఒక లైను రాసేసి ఊరుకుంటారు. పని జరుగుతుంది. కానీ బ్యాకప్‌కి కావలసింది ఫైళ్లు చదవడమే. రూట్ ఇస్తే చెరిపే అధికారం కూడా ఇచ్చినట్టే, అదీ రెస్టిక్ లాంటి, నెట్‌వర్క్‌తో మాట్లాడే బ్యాకప్ ప్రోగ్రాముకి.

మీ హోమ్ ఫోల్డరు వరకే అయితే ఈ తతంగమేదీ అక్కర్లేదు. మీ యూజర్‌తోనే రెస్టిక్ హాయిగా నడుస్తుంది. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో యూజర్ టైమర్ పెట్టి, లాగౌట్ అయ్యాకా నడిచేలా లింగర్ అనే సెట్టింగు ఆన్ చేస్తే సరి.

అందరి ఫైళ్లూ కావాలన్నప్పుడే కేపబిలిటీల అవసరం. లైనక్స్ కెర్నెల్ రూట్ అధికారాన్ని కేపబిలిటీలనే ముక్కలుగా చేసి పెట్టింది. అందులో మనకు కావలసింది క్యాప్_డ్యాక్_రీడ్_సెర్చ్. ఫైలు చదవడానికీ డైరెక్టరీలోకి వెళ్లడానికీ ఉన్న పర్మిషన్ చెక్‌ను ఇది దాటిస్తుంది, రాయడానికి మాత్రం ఒప్పుకోదు.

రెస్టిక్ అనే సిస్టమ్ యూజర్‌ని హోమ్ డైరెక్టరీతో, లాగిన్ కానివ్వని నోలాగిన్ షెల్‌తో సృష్టించండి. రెస్టిక్ బైనరీకి (నడిచే ప్రోగ్రాము ఫైలుకి) ఓనరు రూట్, గ్రూపు రెస్టిక్, పర్మిషన్ 750 (గ్రూపు బయటివాళ్లు నడపలేరు). ఇవన్నీ అయ్యాకే సెట్‌క్యాప్ కమాండుతో ఆ కేపబిలిటీని ‘+ఈపీ’గా (నడిపిన వెంటనే అమల్లోకి వచ్చేలా) తగిలించి, గెట్‌క్యాప్‌తో సరిచూసుకోండి. వరుస తప్పితే కుదరదు: ఓనరును మార్చే చౌన్ కమాండు కొట్టగానే ఫైలుకున్న కేపబిలిటీలను కెర్నెల్ తుడిచేస్తుంది. ఆ 750ని 755 చేశారో, మెషీన్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలును తమ సొంత రిపాజిటరీలోకి (బ్యాకప్‌లు దాచే చోటుకి) బ్యాకప్ తీసి, రీస్టోర్ చేసుకుని తీరిగ్గా చదువుకోవచ్చు. రిపాజిటరీ పాస్‌వర్డ్ ఉన్న ఫైలుకి ఓనరు రెస్టిక్, పర్మిషన్ 600 (ఓనరుకే చదివే వీలు).

ఇక్కడ ఎక్కువగా దెబ్బతినేది అప్‌డేట్ రోజున. కేపబిలిటీ ఉండేది ఆ ఫైలు తాలూకు అదనపు లక్షణాల్లో, కొత్త బైనరీ వచ్చి కూర్చోగానే అది పోతుంది. అప్పుడు రెస్టిక్ ఆగిపోదు. చదవలేని ఫైళ్లను వదిలేసి, స్నాప్‌షాట్ తీసి, ఎగ్జిట్ కోడ్ (పని ముగిసిన తీరు చెప్పే అంకె) 3 ఇస్తుంది. స్క్రిప్టు పూర్తి వైఫల్యాన్ని చెప్పే 1 కోసమే చూస్తుంటే సగం బ్యాకప్‌ను సరైనదనుకుని నెలలు గడిపేస్తారు. బైనరీ ఉన్న పార్టిషన్‌ను నోసూయిడ్ ఆప్షన్‌తో మౌంట్ చేసినా కేపబిలిటీ పనిచేయదు. ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్ల (నెట్‌వర్క్ మీద వేరే సర్వర్ నుంచి వచ్చేవాటి) విషయంలో మరీ ఆశ పెట్టుకోవద్దు, అక్కడ పర్మిషన్ చూసేది అవతలి సర్వర్.

అందుకే సెట్‌క్యాప్ కన్నా సిస్టమ్‌డీ సర్వీసే మేలు. సర్వీసు ఫైలులో యూజర్‌గా రెస్టిక్‌ని పెట్టి, యాంబియంట్‌కేపబిలిటీస్ లైనులో ఇదే కేపబిలిటీ రాయండి. బైనరీ మామూలు ప్యాకేజీదే ఉండొచ్చు, అప్‌డేట్ల బెడద ఉండదు, ఆ హక్కు సర్వీసుకే తప్ప ఇంకెవరికీ దక్కదు. కొత్త హక్కులు రానివ్వని నోన్యూప్రివిలేజెస్ సెట్టింగు కూడా పెట్టొచ్చు. అయితే సెట్‌క్యాప్ చేసిన పాత బైనరీని ఇందులో వాడొద్దు. డిస్కును చదవడానికే పరిమితం చేసే ప్రొటెక్ట్‌సిస్టమ్‌ను స్ట్రిక్ట్ చేస్తే క్యాష్ రాసుకోవడానికి క్యాష్‌డైరెక్టరీ కేటాయించి, రెస్టిక్‌కి ఆ దారి చెప్పాలి. ప్రొటెక్ట్‌హోమ్ జోలికి మాత్రం పోకండి: హోమ్ ఖాళీగా కనబడుతుంది, దాని బ్యాకప్ కూడా ఖాళీగానే వస్తుంది.

రీస్టోర్‌కి ఈ హక్కు సరిపోదు. రెస్టిక్ యూజర్‌గా వెనక్కి తీస్తే ఫైళ్లన్నీ ఆ యూజర్ పేరుమీదే దిగుతాయి. పాత ఓనర్లతో సహా రావాలంటే ఆ ఒక్కసారికి రూట్‌గా నడపాల్సిందే.